అందరూ పోయాక పడిన ఓటు

"ఈ తాళం మధ్యలో ఎవరైనా తీసినారా?" అని అడిగింది మల్లేశ్వరి.

"లేదు మేడమ్. ఆ పొద్దు సాయంత్రం కానిస్టేబులు వేసి పోయిందే. బీగం చెవి నాకొకటి, కృపకొకటి ఇచ్చినారు. ఆమెది..." హేమ మాట మింగింది. "ఆమెది ఆమె బ్యాగులోనే ఉంటుంది."

తలుపు తెరవగానే మూసి ఉన్న గదిలోంచి వేడి గాలి ముఖానికి కొట్టింది. కింద హాల్లో మైకు మోగుతూనే ఉంది. పోలింగుకు వారం కూడా లేదు. ఓటింగు ముగిశాక మిషన్ మీద ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కాలో కొత్తాయన ఎవరో కాగితం చూసి చదువుతున్నట్టు చెబుతున్నాడు. హేమ ఒక క్షణం విని తల తిప్పుకుంది.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పోలింగ్ సిబ్బందికి శిక్షణ ఈ కాలేజీలోనే జరుగుతోంది. బూత్‌లలో కూర్చోబోయే టీచర్లకు, గుమాస్తాలకు పని నేర్పడానికి ఎంపికైన వాళ్ళలో కృప, హేమ ఒక జంట. కృప ఎమ్మిగనూరు దగ్గర కంబదొడ్డి కాలనీ పిల్ల. కూలికి పోయే తల్లి చదివించింది. ఆ కాలనీ నుంచి టీచరు ఉద్యోగం తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల. పోయిన సోమవారం క్లాసు అయిపోయి అందరూ వెళ్ళాక, ఈ మేడ వెనక మెట్ల కింద తల పగిలి పడి ఉంది. చూసేసరికి ప్రాణం లేదు. ఎండదెబ్బకు కళ్ళు తిరిగి పడిందని పోలీసులు రాసుకున్నారు. మరుసటి రోజే సొంత ఊళ్ళో సమాధి చేశారు.

మల్లేశ్వరి ఒకప్పుడు ఆదోనిలో ఎస్సై. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. నిన్న హేమ వచ్చి కుర్చీలో కూర్చోకుండానే ఏడ్చింది. "ఎండదెబ్బ అంటే నేను నమ్మను మేడమ్. మాకు ఎండ కొత్తా?" అంది. అంతకు మించి ఆమె దగ్గర ఆధారమేమీ లేదు.

"ఆ రోజు ఈ గదిలో ఏం నేర్పించారు?"

"రోజూ నేర్పేదే. వచ్చినోళ్ళలో ఇద్దరు ముగ్గురికి ఓటర్ల మాదిరి వేషం కట్టించేది కృప. ఒకాయన తాగొచ్చిన ఓటరు, ఒకామె కండ్లు కనపడని అవ్వ. చివర్లో కృపే పైట తల మీద కప్పుకొని వచ్చి నిలబడేది. 'సార్, నా ఓటు ఎవరో వేసేసినారంట సార్. నేను ఈడనే ఉండా గదా' అనేది. మొదట అందరూ నవ్వుతారు మేడమ్. ఆమె నవ్వదు. అట్లే నిలబడుకుంటుంది. కొంచెం సేపటికి నవ్వులు ఆగిపోతాయి. అప్పుడు చెప్పేది. 'ఈ మనిషిని పొమ్మనకండి. ఈమెకు టెండర్ ఓటు ఇయ్యాల. కాగితం మీద వేయిచ్చి వేరే కవర్లో పెట్టాల. పొమ్మంటే ఆమె మళ్ళీ జన్మలో బూత్‌కు రాదు.' ఆ వేషం ఆమె వాళ్ళమ్మదే మేడమ్. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు."

మల్లేశ్వరి గదంతా ఒకసారి చూసింది. ఒక గోడ పక్కన బల్ల మీద కంట్రోల్ యూనిట్. పోలింగ్ అధికారి దాని మీద బటన్ నొక్కి ఓటు వదిలితేనే ఓటరు వేయగలడు. గదికి అవతలి మూల అట్టతో కట్టిన మరుగు. దాని వెనక ఓటు మిషన్, పక్కనే ఓటు ఎవరికి పడిందో చీటీ చూపించే పెట్టె. రెండింటి మధ్య నేల మీద నల్లటి వైరు.

"మీరు వెళ్ళేటప్పుడు ఇది ఇట్లాగే ఉందా?"

హేమ అప్పుడే చూసినట్టు ఆగిపోయింది. "లేదు. నేనూ ఆమే కలిసి లెక్కంతా క్లియర్ చేసినాం. చీటీలు నా చేత్తోనే తీసినా. వైరు పీకి పెట్టెల్లో సర్దేసినాం. మూత ఒకటి వేయాల్సి ఉండె. 'నేను వేస్తాలే, నీకు బస్సు పోతుంది' అన్నాది. నేను పోయినా." ఆమె వంగి వైరును చూసింది. "మళ్ళీ బయటికి తీసి బిగిచ్చినారెవరో."

"ఒకసారి వేసి చూడండి."

హేమ స్విచ్ వేసింది. ఎర్ర అక్షరాలు కదిలాయి. మొత్తం ఓట్లు చూపించే బటన్ నొక్కింది. ఒకటి. చీటీల పెట్టె వెనక తలుపు తెరిచింది. లోపల అడుగున ఒకే ఒక్క చీటీ పడి ఉంది. శిక్షణ కోసం పెట్టిన ఉత్తుత్తి అభ్యర్థి పేరు, పక్కన గాలిపటం బొమ్మ.

హేమ ఆ చీటీని ముట్టుకోకుండా వెనక్కి జరిగింది.

"మీరు పోయినాక ఎవరో వచ్చినారు," అంది మల్లేశ్వరి. "వచ్చిన మనిషికి ఆమె ఓటెట్ల వేయాలో చూపించింది. ఈ బల్ల దగ్గర తాను కూర్చుని బటన్ నొక్కింది. ఆ మనిషి మరుగు వెనక నిలబడి వేసినాడు. గొడవకు వచ్చినవాడికి ఎవరూ పెట్టెలు విప్పి ఇంత ఓపిగ్గా నేర్పరు. హేమా, మీరు పోయేముందు ఆమెకు ఫోనేమన్నా వచ్చిందా?"

"వచ్చింది. వాళ్ళమ్మ చేసింది."

"వాళ్ళమ్మే అని మీకెట్ల తెలుసు?"

"ఫోను బల్ల మీద ఉండె. 'అమ్మ' అని పడింది. నేనే అందిచ్చినా."

"ఏం మాట్లాడిందో ఆ మాటలే చెప్పండి. మార్చొద్దు."

హేమ కళ్ళు మూసుకుంది. "ముందు ఊరికే వినింది. మొకం మారింది. కోపం కాదు, ఏడుపూ కాదు. ఇంక నవ్వింది. 'గేటు తీసే ఉంది, పైకి రారా. నిన్నేమన్నా కొడతానా' అన్నాది. అంతే మేడమ్. నేను బ్యాగు తీసుకొని దిగినా."

"తల్లితోనా, 'పైకి రారా' అనింది?"

హేమ కళ్ళు తెరిచింది. తాను చెప్పిన మాట తనకే అప్పుడు వినపడినట్టుంది. చేత్తో నోరు మూసుకుంది.

*

వెనక మెట్లు ఇరుకు. అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. కింద సిమెంటు మీద ఎవరో నీళ్ళు పోసి గట్టిగా రుద్దిన జాడ చుట్టూ ఉన్న దుమ్ములో తెల్లగా కనిపిస్తోంది. అది రుద్దిన మనిషి హుసేనమ్మ. కాలేజీ ఊడ్చే ఆమె. కృపను మొదట చూసింది కూడా ఆమే.

"అన్నీ చెప్పేసినా తల్లీ, పోలీసాయనకి," అంది హుసేనమ్మ.

"నాకు ఆయన అడగనిది చెప్పమ్మా. చూడగానే ఏం చేసినావు?"

"ఏం చేస్తా? దగ్గరికి పోయి కూలబడినా. 'బేటీ, బేటీ' అని కదిలిచ్చినా. రోజూ టీ తెస్తే సగం నాకు పోసేది. తల పైకెత్తి నా ఒళ్ళో పెట్టుకుందామని చూస్తే కింద తువ్వాలుండె."

"నువ్వు పెట్టినావా తువ్వాలు?"

"నా దగ్గర యాడిది? మగోళ్ళు భుజాన వేసుకునే గళ్ళ తువ్వాలు. మడిచి తల కింద పెట్టుండాది. చిన్నపిల్లకి దిండు పెట్టినట్ల." హుసేనమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేనే పెట్టినాననుకొని పోలీసాయన అడగలే. రక్తమయిందని అంబులెన్సోళ్ళు ఈడనే పారేసినారు. చెత్తతో కలిపి కాల్చేసినా. తప్పయిపోయిందా తల్లీ?"

"నీ తప్పేం లేదు."

మల్లేశ్వరి కింది మెట్టు మీద కూర్చుంది. పడ్డ తర్వాత కూడా ఒకడు ఆమె పక్కనే ఉన్నాడు. తల నేలకు ఒత్తుకుంటుందని భుజం మీది గుడ్డ తీసి మడిచి పెట్టాడు. అంత చేసినవాడు మనిషిని పిలవలేదు. కింద వాచ్‌మన్ గది ఉంది, రోడ్డు మీద ఆటోలున్నాయి, ఆస్పత్రి ఎంతో దూరం లేదు. తల కింద గుడ్డ పెట్టి వెళ్ళిపోయాడు.

"నా కేసులో నీకేం పని మల్లేశ్వరీ?"

మెట్ల పైన సీఐ తిరుపాల్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బ్యాచ్. ఆమె తల ఎత్తి చూసింది.

"కేసా? కేసే లేదన్నావంట గదా."

"ఆటలాడొద్దు. పైన గది తెరిచినారు. ఎన్నికల మిషన్ ముట్టినారు. ఇద్దరినీ లోపలేస్తే ఓట్లయ్యేదాకా బయటికి రారు."

హేమ భయపడింది గానీ వెనక్కి తగ్గలేదు. "సార్, అది శిక్షణకిచ్చిన మిషన్. పసుపు స్టిక్కరు ఉంటుంది చూడండి. రోజూ నేర్చుకునేవాళ్ళంతా ముట్టేది దాన్నే. దాని బాధ్యత నాది."

తిరుపాల్ కిందికి దిగి వచ్చాడు. కళ్ళ కింద వాపు, ఒంటి మీద యూనిఫాం చెమటకు అతుక్కుపోయి ఉంది. నిద్ర లేని మనిషి అని తెలుస్తోంది.

"చూడు, నీకు అర్థమయ్యేటట్ల చెప్తా. రేపు ఈ హాలుకు మళ్ళీ ఆడటీచర్లంతా రావాల. ఇప్పటికే డాక్టరు సర్టిఫికెట్లు పట్టుకొని 'మాకు డ్యూటీ వద్దు' అని తిరుగుతాండారు. శిక్షణ ఇచ్చే ఆమెనే ఈడ చంపినారని ఒక్క మాట బయటికి పోతే బూత్‌లలో కూర్చునేటోళ్ళు దొరకరు. ఆ సంగతి ఆలోచించినావా?"

"ఆలోచించినా. వాళ్ళ భయం పోవాలంటే చేసినోన్ని పట్టుకోవాల. ఆమె చావును ఎండ మీదికి తోసేస్తే భయం పోదు."

"చేసినోడు అని నువ్వంటాండావు. డాక్టరు అనలేదు. ఇంట్లోవాళ్ళూ అనలేదు. తమ్ముడే వచ్చి మాకెవరి మీదా అనుమానం లేదని సంతకం పెట్టి శవాన్ని తీసుకపోయినాడు. అనిల్. కండ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయినాయి వానికి."

"తల్లి పెట్టిందా సంతకం?"

"ఆమె మాట్లాడే స్థితిలో ఉందా?"

"సరే. అందరూ పోయినాక ఆ మిషన్ మీద ఓటు పడింది. దానికేమంటావు?"

"ఆమే ఒకసారి నొక్కి చూసుకుందేమో."

"సర్దేసిన మిషన్ను మళ్ళీ విప్పి, ఈ మూల నుంచి ఆ మూలకు వైరు లాగి, ఈడొక బటన్ నొక్కి, ఆడికి నడుచుకుంటా పోయి ఇంకొకటి నొక్కి చూసుకుందా? ఎందుకు?"

తిరుపాల్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"తల కింద తువ్వాలు ఎవరు పెట్టినారు?"

"ఈ హుసేనమ్మ."

"నేను పెట్టలే సార్," అంది హుసేనమ్మ మెల్లగా.

తిరుపాల్ ఆమె వైపు, తర్వాత రుద్దిన సిమెంటు వైపు చూశాడు.

"ఫోన్ సంగతి నాకు తెలుసు," అన్నాడు. "చివరి ఫోను తల్లి నంబరు నుంచి వచ్చింది. తల్లి బిడ్డకు ఫోన్ చేసేది కూడా నేరమేనా?"

"తల్లిని 'పైకి రారా' అనే కూతుర్ని యాడన్నా చూసినావా తిరుపాల్?"

కింద హాల్లో మైకు ఆగిపోయింది. కుర్చీలు జరిపిన చప్పుడు, తర్వాత జనం ఒక్కసారిగా మాట్లాడుకోవడం వినిపించింది.

"కంబదొడ్డికి పోవద్దు," అన్నాడు చివరికి. గొంతులో ముందరి బిగువు లేదు. "అది నరసన్న ఊరు, ఆడ ఓట్లన్నీ ఆయన చేతిలోనే. ఆయన్ను కాదని ఆ ఊర్లో ఎవరూ నోరు తెరవరు. ఎన్నికల ముందర గొడవయితే నేనేం చేయలేను."

"నువ్వేం చేయనక్కర్లేదు. ఫోన్ మాత్రం ఎత్తు," అని మల్లేశ్వరి లేచింది.

*

ఎమ్మిగనూరు దాటి మట్టి దారి పట్టేసరికి మధ్యాహ్నం దిగుతోంది. కంబదొడ్డి కాలనీ ఊరికి ఇవతలే. సుగుణమ్మ ఇంటి ముందు వేసిన టెంటు ఇంకా విప్పలేదు. ఆమె గడప లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఉపాధి పనిలో మట్టి తవ్వి తవ్వి అరచేతులు బొబ్బలు కట్టి ఉన్నాయి. ఆ చేతుల్లో కృప ఫోటో ఉంది. స్కూలు పిల్లల మధ్య నిలబడి తీయించుకున్నది.

హేమ వెళ్ళి పక్కన కూర్చోగానే సుగుణమ్మ ఆమె తల నిమిరింది.

"తిన్నావా పాపా?" అని అడిగింది.

హేమ ఏడుపు ఆపుకోలేకపోయింది.

మల్లేశ్వరి తానెవరో చెప్పింది. సుగుణమ్మ వింది. ఎందుకొచ్చావని అడగలేదు. తనంతట తానే మొదలుపెట్టింది.

"నేను పెండ్లయి ఈ ఊరు వచ్చినప్పటి నుంచి నా వేలికి ఇంకు తగల్లేదు మేడమ్. బూత్‌కు పోతే 'నీ ఓటు అయిపాయ, పోమ్మా' అంటారు. కాలనీలో అందరికీ అంతే. ఊరోళ్ళే ఏసుకుంటారు. కృప చిన్నప్పుడు నా కొంగు పట్టుకొని వచ్చేది. 'అమ్మా, నీ ఓటు ఎవురు తీసుకున్నారు? ఎతుకుదాం దా' అని ఏడ్సేది. యాడో పారేసుకున్న చెంబును ఎతికినట్ల." ఆమె ఫోటోను వేలితో నిమిరింది. "పెద్దదయి, సదువుకొని, ఆ పనే నేర్పే టీచరయింది. మొన్న ఆదివారం ప్రార్థన అయినాక కాలనీ ఆడోళ్ళనందరినీ చర్చి కాడ కూసోబెట్టింది. అట్ట ముక్కకు బొమ్మలంటిచ్చి సూపిచ్చింది. ఎవురన్నా మీ ఓటు ఏసేసినా మీరు తిరిగి రావద్దండి, నాకు కాగితం ఇయ్యండి అని అడగండి అన్నాది. ఆ కాగితం పేరు నాకు నోరు తిరగదు."

"టెండర్ ఓటు," అంది హేమ.

"ఆ. అదే."

"నరసన్నకు ఈ సంగతి తెలుసా?"

"తెలియకుండా ఉంటదా? ఆయప్ప జీపు తోలేది మా అనిలే గదా. దానికే అక్కాతమ్ముళ్ళు రెండు నెల్లుగా మాట్లాడుకోరు. 'నువ్వు ఇట్ల చేస్తాంటే ఆయప్ప నన్ను ఉంచుకోడు' అని వాడు. 'ఆయప్ప దగ్గర మానెయ్, నేను సాకుతా' అని అది. వాని ఫోను కూడా ఎత్తకుండె."

మల్లేశ్వరికి ఇక అడగాల్సింది ఒక్కటే మిగిలింది. పోలీసు ఉద్యోగంలో ఎందరినో ఎన్నో అడిగింది గానీ, ఈ ప్రశ్న నోటికి రావడానికి చాలా కష్టమైంది.

"సుగుణమ్మా, ఆ సోమవారం సాయంత్రం నువ్వు కృపకు ఫోన్ చేసినావా?"

"నాకు చేసేది రాదు మేడమ్. వస్తే ఎత్తేది ఒక్కటే వచ్చు. పొద్దున్నే అదే చేసింది. రాగి సంగటి ఎత్తి పెట్టు, రేపొస్తా అన్నాది. అంతే."

"మరి సాయంత్రం నీ ఫోన్ ఎవరి దగ్గర ఉండె?"

"అనిల్ తీసుకపోయినాడు. వాని దాంట్లో చార్జింగ్ లేదని."

మల్లేశ్వరి హేమ వైపు చూసింది. హేమ తల వంచుకుంది. సుగుణమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖం కొంచెం వెలిగింది.

"నా ఫోన్ నుంచి అక్కకు చేసినాడా వాడు? మాట్లాడినారా?" అంది ఆత్రంగా. "అయితే పోయేముందు కలిసినారా మేడమ్? దేవుడు అంత మాత్రం దయ సూపిచ్చినాడు. మాట్లాడుకోకుండానే పాయ గదా అని నేను రేయింబగళ్ళు అదే ఏడుస్తాండాను."

ఆ సంతోషాన్ని చూడలేక మల్లేశ్వరి వాకిలి వైపు తిరిగింది. ఎవరో పొట్టి గడ్డం కుర్రాడు టెంటు కింద చెప్పులు విడిచి లోపలికి వస్తున్నాడు. ముప్పై దాటని వయసు. ఎండలో నడిచొచ్చాడేమో ముఖమంతా చెమట. అపరిచితులను చూసి గడపలోనే ఆగిపోయాడు.

"దా నాయనా. అక్క సావాసగత్తె, ఈ మేడమూ వచ్చినారు," అంటూ సుగుణమ్మ లేచి కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచింది. "అక్కతో మాట్లాడినావంట గదరా ఆ పొద్దు! నాకు సెప్పనే లేదు. ఏమన్నాది? కోపం పోయిందా దానికి?"

అనిల్ కదల్లేదు. మల్లేశ్వరి వైపు చూశాడు. ఆమె నిదానంగా అడిగింది.

"గాలిపటం గుర్తుకు ఓటేసింది నువ్వే గదా అనిల్?"

అనిల్ ద్వారబంధానికి ఆనుకుని అట్లే కిందికి జారాడు.

"నేను పిలుచుకరావాలని పోయినా," అన్నాడు. ఎవరితో చెబుతున్నాడో తెలియని గొంతు. "కింద రోడ్డు మీద జీపులో నరసన్నప్ప ఉండె. మీ యక్కను ఒక్కసారి తీసుకరా, నేను మాట్లాడతా, ఈ పని మానుకోమని సెప్తా అన్నాడు. నేను పైకి పోతే అక్క నవ్వింది. ఎన్నాళ్ళకు నవ్వింది మేడమ్! కూసో అన్నాది. 'నువ్వు కూడా ఇంతవరకు నీ ఓటు నువ్వు ఏయలేదు గదా, దా, నేర్పిస్తా' అని పెట్టెలన్నీ తీసి బిగిచ్చింది. నొక్కినా. పీ... అని కూసింది. చీటీ సూడు, నువ్వేసిందే పడింది అని సూపిచ్చింది. అప్పుడు సెప్పినా. కింద నరసన్నప్ప ఉండాడు, ఒక్క మాట వచ్చి సెప్పక్కా, సరే అని సెప్పు, తర్వాత నీ ఇష్టమని. రానన్నాది."

చెంబు పట్టుకున్న సుగుణమ్మ నిలబడ్డ చోటే నిలబడి ఉంది.

"బతిమాలినా. చెయ్యి పట్టుకొని మెట్ల దాకా లాగినా. ఇడ్సు రా అనింది. ఇడిపిచ్చుకుంది. నేను గట్టిగా పట్టుకొని ఉంటే పడేది కాదు. వదిలేసినా..."

"తర్వాత?" అంది మల్లేశ్వరి.

"కండ్లు తెరిసే ఉండె. నన్ను సూస్తాండె. నీళ్ళు అన్నాది. జీపులో బాటిలుండాదని పరిగెత్తినా. అక్క పడిందన్నా, ఆస్పత్రికి తీసుకపోదామన్నా, అని నరసన్నప్ప కాళ్ళు పట్టుకున్నా. ఆయప్ప ఎక్కు అన్నాడు. బండి తియ్ అన్నాడు. ఈడ మనల్ని ఎవురూ సూడగూడదు, ఎవురో ఒకరు వచ్చి సూస్తారులే అన్నాడు." అతను రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "తీసినా మేడమ్. బండి తీసినా. బాటిలు సీటు మీదనే ఉండె."

హేమ గోడకు తల ఆనించి నోట్లో పైట కుక్కుకుంది. పక్కింట్లో ఎవరో రొట్టెలు తట్టుతున్న శబ్దం ఆగి ఆగి వినిపిస్తోంది.

సుగుణమ్మ నడిచి వచ్చి కొడుకు ముందు నిలబడింది. కొడుతుందనుకుంది మల్లేశ్వరి. అనిల్ కూడా అట్లే అనుకున్నాడేమో తల వంచి ఇచ్చాడు. ఆమె వంగి చెంబును అతని ముందు నేల మీద పెట్టింది.

"తాగు," అంది.

అనిల్ ముట్టుకోలేదు.

"తాగు రా. తాగి మేడమ్ ఎంబడి పో. ఇప్పుడు సెప్పినేది ఆడ కూడా అట్లనే సెప్పు. ఒక్క మాట తగ్గిచ్చొద్దు."

అతను చెంబు ఎత్తాడు. పళ్ళు అంచుకు తగిలి టకటకమన్నాయి. నీళ్ళు సగం చొక్కా మీదే పడ్డాయి.

మల్లేశ్వరి ఫోన్ తీసింది. రెండో రింగుకే తిరుపాల్ ఎత్తాడు.

"కంబదొడ్డిలో ఉండా. అనిల్ చెప్పినాడు. జీపులో నరసన్న ఉండినాడు. ఆమె బతికే ఉండింది తిరుపాల్. నీళ్ళడిగింది."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

"వస్తాండా," అన్నాడు. "నువ్వు కదలొద్దు. ఆ పిల్లోన్ని ఎవరి చేతికీ ఇయ్యొద్దు."

ఫోన్ పెట్టేసేలోపే బయట బండి ఆగిన చప్పుడైంది. ఒకటి కాదు, రెండు. తలుపులు తెరుచుకున్నాయి. కాలనీలోకి మల్లేశ్వరి కారు వచ్చిన సంగతి ఊరికి తెలియకుండా ఉండదు. అనిల్ ముఖం పాలిపోయింది.

"నరసన్నప్ప," అన్నాడు.

"అనిల్!" బయటి నుంచి పిలుపు. అలవాటుగా, ధీమాగా. "బండి తియ్యాల, రారా బయటికి. ఎవరొచ్చినారు ఇంటికి?"

మల్లేశ్వరి లేచింది. ఆమెకంటే ముందే సుగుణమ్మ గడప దగ్గరికి వెళ్ళింది. టెంటు నీడలో నరసన్న, అతని వెనక నలుగురు. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఎదురుపడితే ఆమె పక్కకు తప్పుకుని తల వంచి నిలబడింది తప్ప పేరు పెట్టి పిలిచింది లేదు. ఇప్పుడు గడప మీద అడ్డంగా కూర్చుంది. కూతురి ఫోటో ఒళ్ళో పెట్టుకుంది.

"నా కొడుకు నీళ్ళు తాగుతాండాడు నరసన్నా," అంది. "తాగినాక పోలీసోళ్ళ కాడికి పోతాడు. నువ్వు కూడా ఆడికి రా."

నరసన్న ముఖంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది. వెనక నలుగురూ అతని వైపు చూశారు, అతను ఏం చెబుతాడా అని. సుగుణమ్మ లేవలేదు.